గజ్జెల్లోంచి రవ్వ దులిపే బుట్ట: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 3, ఆదివారం

మా అమ్మాయి కూచిపూడి నేర్చుకునే మాస్టారి ఇంట్లో మెట్ల కింద ఒక గోనె సంచి ఉంది. పట్టీ చిరిగినవి, దారం తెగినవి, ఇన్నేళ్లలో మూలపడ్డ గజ్జెలన్నీ అందులోనే. "ఇప్పుడు బజార్లో ఎక్కువగా రేకువే దొరుకుతున్నాయండీ. ఇవి పోత పోసినవి. పారేయడానికి మనసొప్పడం లేదు," అన్నారు. విజయదశమికి ఆరుగురు పిల్లలకి గజ్జె పూజ ఉంది. నేను ఊరుకోవచ్చు కదా! "నాకివ్వండి మాస్టారూ, మెరిపించి తెచ్చిస్తాను" అనేశాను.

చెన్నైలో మేముండే వలసరవాక్కం దాకా స్కూటర్ మీద తెచ్చి లెక్కపెడితే 1,212 తేలాయి. పదకొండు కిలోలకు కాస్త తక్కువ. కాలికి వంద చొప్పున ఆరు జతలకి 1,200 కావాలి. అంటే పన్నెండే అదనం. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే నోరు జారేవాణ్ణి కాదు.

కొన్ని నల్లగా, కొన్ని పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. మద్రాసు గాలిలో ఇత్తడి ఉంచితే ఇంతే. మా ఆవిడ చింతపండు అంది. పది గజ్జెలు నానబెట్టి తోమాను. బయట బంగారంలా వచ్చింది. లోపల గుజ్జు ఇరుక్కుంది. సాయంత్రానికి గజ్జెల చీలికలోంచి గోధుమరంగు నీళ్లు కారాయి. గజ్జె ఇత్తడే గానీ లోపల మోగే గుండు ఇనుము. తుప్పు పడుతోంది. కాబట్టి నీళ్లు వద్దు. చింతపండు రాగి చెంబులకే ఉండనీ.

ఆగస్టు 9

నీళ్లు లేకుండా ఇత్తడి మెరిపించే పద్ధతి ఒకటుంది. అమెరికాలో తుపాకీ కాల్చేవాళ్లు పేలిపోయిన తూటా గొట్టాలను మళ్లీ నింపుకుంటారు. నింపేముందు ఆ ఇత్తడి గొట్టాలను అక్రోటు డొక్కల పొడిలోనో, గింజలు వలిచేసిన మొక్కజొన్న కండెల పొడిలోనో వేసి గంటల తరబడి దొర్లిస్తారు. అక్రోటు పొడి మురికిని త్వరగా గీకుతుంది, కండె పొడి నునుపు తెస్తుంది. అక్కడ అక్రోటు పొడిని బల్లులు పెంచుకునేవాళ్లకి పరుపుగా అమ్ముతారు. వీళ్లు పెంపుడు జంతువుల కొట్టుకెళ్లి అదే కొనుక్కొస్తారట. మన దగ్గర ఆ సరదా కుదరదు. 1959 ఆయుధాల చట్టంలో తూటా భాగాలు కూడా అమ్యూనిషన్ లెక్కలోకే వస్తాయి. కానీ గజ్జెలకి లైసెన్సు అక్కర్లేదు కదా. గొట్టం బదులు గజ్జె, అంతే తేడా అనుకున్నాను. అంతే కాదని తర్వాత తెలిసింది.

పుదుపేటలో పాత కారు వైపర్ మోటారు దొరికింది. కొట్టతను బ్యాటరీకి పెట్టి తిప్పి చూపించాడు. "సార్, వానలో ఊరంతా తుడిచిన మోటారు, మీ డబ్బా తిప్పదా" అన్నాడు. పాత కంప్యూటర్ పవర్ సప్లై నుంచి 12 వోల్టులు ఇచ్చాను. పది లీటర్ల పెయింట్ డబ్బా, రెండు కడ్డీలు, వాటికి తొడిగిన సైకిల్ ట్యూబు. తిరుగుతోంది. దీని గురించి ఇంతకంటే రాసేదేం లేదు.

ఆగస్టు 10

కండెల కోసం నిన్న సాయంత్రం మెరీనాకి వెళ్లాం. కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆమెను వాడేసిన కండెలు అడిగితే ఒక్క క్షణం నా మొహంకేసి చూసి, సంచి నిండా పోసిచ్చింది. మేడ మీద ఎండబెట్టి, విరిచి మిక్సీలో వేశాను. మూడో దఫాకి పొగ. మిక్సీ జార్ మూత తెరవగానే మా ఆవిడ వచ్చింది. ఆ సంభాషణ డైరీకి అక్కర్లేదు. ఎలకల పంజరాల్లో పరవడానికి అమ్మే కండె పొడి ఐదు కిలోలు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

ఆగస్టు 16

మొదటి విడత. 200 గజ్జెలు, రెండు కిలోల పొడి, రెండు చెంచాల కారు పాలిష్, నాలుగు గంటలు.

పాలిష్ గురించి ఒక మాట. ఘాటు వాసన కొట్టే ఇత్తడి పాలిష్‌లు వాడకూడదు, వాటిలో అమోనియా ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే జరిగిన సంగతి ఇది. వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే లోహం చిట్లుతుందని 1921లో తేల్చారు. వానాకాలంలో పగిలేది కాబట్టి ఇంగ్లీషులో దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు. పోత గజ్జెకి ఆ భయం తక్కువే. కానీ పన్నెండే అదనం ఉన్నప్పుడు అంత ధైర్యం ఎందుకు?

నాలుగు గంటల తర్వాత మూత తీస్తే కొత్త గజ్జెల్లా ఉన్నాయి. అరగంట సంతోషం. ఒకటి తీసి చెవి దగ్గర ఊపితే చప్పుడు లేదు. ఇంకోటి, చప్పుడు లేదు. ఇంకోటి గుసగుసగా ఏదో అంది. పొడి లోపల దూరి గుండును కదలనివ్వడం లేదు. పైగా పాలిష్ తడికి పొడి ఉండలు కట్టింది. పాలిష్‌ని ముందు పొడిలో వేసి ఒక పావుగంట ఖాళీగా తిప్పి, అది పూర్తిగా కలిశాకే ఇత్తడి వెయ్యాలి. తూటాలవాళ్లకి ఇది తెలిసిన విషయమే, నేనే తొందరపడ్డాను.

ఆ ఉండల్ని సూదితో తీస్తూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. 200లో 46 అయ్యాయి.

ఆగస్టు 17

పొద్దున్నే అత్తయ్యగారు చేట తెచ్చుకుని కూర్చున్నారు. పైన అంటిన పొడి, కలిసిపోయిన పొడి అంతా రెండు నిమిషాల్లో చెరిగేశారు. గజ్జె బరువు, కండె పొడి తేలిక, చేటకి ఇంతకంటే సులువైన పని ఉండదు. పక్కింటి తమిళ మామి వచ్చి "మురం (చేట) ఇంకా వాడుతున్నారా!" అని మురిసిపోయింది. అయితే చేట పని బయటి పొడి వరకే. లోపలిది అలాగే ఉంది.

అసలు చిక్కు ఎక్కడో ఇవాళ వెర్నియర్ పెట్టి చూశాను. గజ్జె 16 మి.మీ. కింద చీలిక 2.8 మి.మీ. చీలిక రెండు కొసల్లో గుండ్రటి కంతలు, 4 మి.మీ. నేను తెప్పించిన పొడిలో అన్ని సైజులూ ఉన్నాయి. జల్లెడ పట్టి మూడు కుప్పలు చేశాను: నూక, రవ్వ, పిండి. నూక అంటే రెండు మి.మీ. చుట్టుపక్కల ఉన్నది. ఒక్కో గింజ చీలికలోంచి లోపలికి దూరుతుంది గానీ వచ్చేటప్పుడు రెండు మూడు కలిసి వస్తాయి, గడప దగ్గర వంతెన కట్టి ఆగిపోతాయి. పెళ్లి భోజనాల దగ్గర తలుపులాగే. కంత వెడల్పు గింజకి నాలుగైదు రెట్లు లేకపోతే ఈ ఇరుకు తప్పదు. తూటా గొట్టాల అడుగున నిప్పురవ్వ వెళ్లే చిన్న కంత ఉంటుంది, రెండు మి.మీ.దే. వాళ్లూ ఆ కంతలో గింజ ఇరుక్కుందని పిన్ను పట్టుకుని కూర్చుంటారు. అందుకే చాలామంది 20/40 మెష్ పొడి కావాలంటారు. 0.85 మి.మీ. జల్లెడలోంచి జారి, 0.42 మీద నిలిచేది. మన వంటింటి భాషలో సన్న రవ్వ.

నూకతో 100, రవ్వతో 100 విడివిడిగా రెండేసి గంటలు దొర్లించి, ఒక్కోటీ చేత్తో ఇరవైసార్లు విదిలించి విన్నాను. నూకవి 37 మూగబోయాయి. రవ్వవి 11. పిండి జోలికి పోలేదు, అది చిలుముని కూడా కలుపుకుని గాలిలోకి లేస్తుంది. ముక్కుకి మాస్క్, పని మేడ మీద, ఇక మీదట ఇదే పద్ధతి. తూటాలవాళ్లకి ఆ దుమ్ములో సీసం కూడా ఉంటుంది, నాకా బాధ లేదు.

పదకొండు అంటే బాగానే తగ్గింది. కానీ 1,212లో నూటికి పదకొండు చొప్పున, ఒక్కోటీ ఇరవైసార్లు విదిలించాక! నా మణికట్టు ఏమవుతుంది?

ఆగస్టు 24

తప్పుదారి. ఇది రాయకపోతే డైరీకి అర్థం లేదు.

సౌకార్‌పేటలో నగల పనిముట్ల కొట్లో స్టీలు పిన్నులు దొరుకుతాయి. మిల్లీమీటరుకి కాస్త లావు, ఆరు మి.మీ. పొడవు. నీళ్లు, గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి వీటితో ఇత్తడి దొర్లిస్తే లోపలా బయటా అద్దంలా వస్తుంది. అమెరికాలోనూ చాలామంది ఇటే మారారు. గుండుకి తుప్పు పడుతుందని తెలుసు, అయినా హెయిర్ డ్రయ్యర్‌తో వెంటనే ఆరబెడితే సరిపోతుందని నన్ను నేను ఒప్పించుకుని ముప్ఫై గజ్జెలు వేశాను.

మొదటి తప్పు, నిమ్మ ఉప్పు చెంచా నిండా వేశాను. ఇత్తడి అంటే రాగి, జింకు. ఆమ్లం ఎక్కువైతే పైపొరలో జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. గజ్జెలు గులాబీ రంగులో తేలాయి. రెండోది, పిన్నులు లోపలికి నిలువుగా దూరాయి. నిలువుగా రమ్మంటే రావు. మూడోది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిన్నుల్ని అయస్కాంతంతో ఏరేస్తే అయిపోతుందనుకున్నాను. అయస్కాంతం దగ్గరికి తేగానే పిన్నులతో పాటు గజ్జెలూ ఎగిరొచ్చి అతుక్కున్నాయి. లోపల ఇనుప గుండు ఉంది కదా! అది గజ్జెని మోసుకుని వచ్చేసింది. తూటా గొట్టంలో ఇనుము ఉండదు కాబట్టి వాళ్లకి అయస్కాంతం పనికొస్తుంది.

ముప్ఫైలో ఐదింటిలో పిన్ను రాలేదు. గులాబీ రంగు తర్వాత రవ్వలో ఇంకో రెండు గంటలు దొర్లిస్తే పోయింది. అదనం ఇప్పుడు ఏడు.

ఆగస్టు 31

చవితి పనుల్లో వారం పోయింది.

ఇత్తడిలోంచి పొడిని వేరుచేయడానికి తూటాలవాళ్లు వాడే సాధనం పేరుకి పెద్దది గానీ తొట్టిలో తిరిగే పంజరమే. ఇత్తడి లోపల, పొడి కిందికి. ఇంట్లో పాత టేబుల్ ఫ్యాన్ ఉంది. దాని రెండు జాలీలు ఎదురెదురుగా బిగిస్తే పంజరం తయారు! మధ్యలో కడ్డీ, చేతి పిడి. పది నిమిషాల్లో అయిపోయింది, నాకే నమ్మకం కలగలేదు. కలగకపోవడమే మంచిదైంది. ఫ్యాన్ జాలీ తీగలు మధ్యలో దగ్గరగా, అంచుకి పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. తిప్పగానే గజ్జెలు అంచుకి చేరి ఒక్కొక్కటే కింద రాలాయి. సరే అని కోళ్ల వల చుట్టాను. ఇప్పుడు గజ్జె చెవి, అదే దారం గుచ్చే కొక్కెం, వల కంతలో ఇరుక్కుని గబ్బిలంలా వేలాడింది. తూటా గొట్టానికి చెవి లేదు. గజ్జెకి ఉంది. ఈ ఒక్క తేడా కోసం ఒక ఆదివారం.

సెప్టెంబరు 7

ఇది పని చేసింది. కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

కూరగాయలు కడిగే గుండ్రటి ప్లాస్టిక్ బుట్టలు రెండు, 30 సెం.మీ. వెడల్పు. కంతలు ఏడు మి.మీ. ప్లాస్టిక్ రెండు మి.మీ. మందం, అంచులు నునుపు. గజ్జె చెవి కంతలోకి తొంగిచూసినా పట్టుకోదు, జారిపోతుంది. రెండు బుట్టల్నీ మూతికి మూతి పెట్టి, ఒక పక్క కేబుల్ టైలతో కీలులా కట్టాను, రెండో పక్క బట్టల క్లిప్పులు. అడుగుల మధ్యలోంచి 12 మి.మీ. ఇనుప కడ్డీ, ఒక కొస వంచితే పిడి. కడ్డీ మీద బుట్ట జారకుండా రెండు వైపులా గొట్టాలకి వేసే క్లాంపులు. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు అంచుల్లో గాడి కోసి కడ్డీ ఆనించాను. పైన పాత చాప ముక్క, లేకపోతే రవ్వ మొహం మీదికే వస్తుంది.

మొదట తిప్పితే గజ్జెలు అడుగునే జారుతూ కూర్చున్నాయి. బుట్ట తిరుగుతోంది, అవి తిరగడం లేదు. అప్పుడు లోపల మూడు చెక్క పట్టీలు అడ్డంగా బిగించాను. పట్టీ గజ్జెల్ని పైదాకా మోసుకెళ్లి వదిలేస్తుంది. పడ్డప్పుడల్లా ఒక దెబ్బ, ఒక పొర్లు. చీలిక కిందికి తిరిగిన క్షణంలో దెబ్బ తగిలితే రవ్వ జారుతుంది. ఒక్కో గజ్జెకి అలాంటి క్షణం ఎన్నిసార్లు వస్తే అంత మంచిది.

ముప్ఫై చుట్లు ఇటు, టక్కున ఆపి, ముప్ఫై చుట్లు అటు. చేటలో చెరిగేసిన 200 గజ్జెలు వేసి, కింద రాలినది వంటింటి కాటాలో తూచాను. మొదటి అరవై చుట్లకి 58 గ్రాములు. రెండో అరవైకి 9. మూడో దానికి 2. నాలుగో దానికి కాటా కదల్లేదు.

కానీ కాటా అక్కర్లేదని మూడో దఫాలోనే తెలిసింది. బుట్ట మొదలుపెట్టినప్పుడు చప్పుడు తడి ఇసక పారతో ఎత్తినట్టు ఉంటుంది, చెర్రు చెర్రు మని. ఇరవై చుట్ల దగ్గర దానిలో అక్కడక్కడా ఒక ఝణత్కారం. యాభై దగ్గరికి వచ్చేసరికి ఇసక చప్పుడు సన్నబడి గల్లుగల్లు పైకి వస్తుంది. నూరు దాటాక ఇక మారదు. అలా మారడం ఆగిందంటే లోపల ఏమీ లేనట్టే. మా అమ్మాయి అటు తిరిగి పుస్తకం చదువుకుంటూనే "నాన్నా, ఇంకో పది" అంటుంది. ఆపి చూస్తే సరిగ్గానే ఉంటుంది. రోజూ వినే చెవి కదా.

200లో మూగవి 3. ఆ మూడింటినీ సైకిల్ పంపు సూదితో గాలి కొడితే ఒకటి మిగిలింది.

సెప్టెంబరు 14

మోటారు పెట్టి చూశాను. వైపర్ మోటారుకి రెండు వేగాలు, నా దాని లెక్క నిమిషానికి 42, 63 చుట్లు. 30 సెం.మీ. బుట్టకి సుమారు 77 చుట్లు దాటితే లోపలివి గోడకి అతుక్కుపోయి పడనే పడవు. 63 దగ్గరే సగం అటూ ఇటూగా ఉన్నాయి. 42లో బాగా పడతాయి. అయినా చేతితో వచ్చిన ఫలితం రాలేదు, ఒకే వైపు తిరిగితే గజ్జెలు కూడా ఒకే వరసలో పొర్లుతాయి. టక్కున ఆపే కుదుపు మోటారుకి లేదు. అది చేయించాలంటే రిచీ స్ట్రీటుకి వెళ్లి మోటారు దిశ మార్చే రిలేలు కొనాలి. 200 గజ్జెలకి నాలుగు నిమిషాలు చేత్తో తిప్పలేనా? మోటారు మళ్లీ డబ్బా దగ్గరికే వెళ్లింది.

ఒకటి మాత్రం మర్చిపోకూడదు. రాత్రి తొమ్మిది తర్వాత మేడ మీద గజ్జెల పని పెట్టుకోకూడదు. కింది వాటా వాళ్ల అబ్బాయికి మూడు రోజుల నుంచి నిద్ర లేదట.

సెప్టెంబరు 21

ఐదో విడత నుంచి వానలు. రవ్వ తేమ పట్టి గోడలకి అంటుకుంటోంది, మూగవి మళ్లీ పన్నెండు దాకా పెరిగాయి. పెనం మీద సన్న సెగన వేయించాను, ఉప్మాకి వేయించినట్టే. వాసన కూడా ఇంచుమించు అలాగే వచ్చి అత్తయ్యగారు వంటింట్లోకి తొంగిచూశారు. చల్లారాక వాడితే మళ్లీ రెండు, మూడు.

నల్లబడిన రవ్వలో పాత నూలు గుడ్డ ముక్కలు నాలుగు వేసి దొర్లిస్తే దుమ్ము గుడ్డకి పట్టుకుంటుంది, రవ్వ ఇంకో రెండు విడతలకి వస్తుంది.

సెప్టెంబరు 28

మొత్తం లెక్క. 1,212లో పిన్నులు మింగినవి 5. చెవి విరిగినవి 4, ఇవి సంచిలో ఉన్నప్పుడే బీటలిచ్చి ఉండాలి, డబ్బాలో ఊడాయి. ఎంత చేసినా మోగనివి 6. మిగిలినవి 1,197. మూడు తక్కువ.

మాస్టారికి చెప్పడానికి మొహమాటపడుతూ వెళ్లాను. ఆయన సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, చెవి దగ్గర కాదు, గుండె దగ్గర పెట్టుకుని ఊపారు. రెండు గుప్పెళ్లు పక్కన పెట్టారు. "ఇవి శ్రుతిలో కలవవండీ" అన్నారు. నా మూగ గజ్జెల పరీక్షకి అందని తేడా ఏదో ఆయనకి వినపడింది. చివరికి ఇద్దరు చిన్న పిల్లలకి కాలికి యాభై చొప్పునే కట్టాలని నిర్ణయించారు. "ఆ వయసుకి వంద బరువు, వద్దు." దాంతో నేను మూడు గజ్జెల కోసం పడ్డ టెన్షన్ అంతా వృథా.

దారం గుచ్చడం మొదలైంది. తెల్ల నూలు తాడు, ఒక్కో గజ్జెకి విడిగా ముడి. మా అమ్మాయి జత మొదట పూర్తయింది. వేసుకుని తైతై అని నాలుగడుగులు వేసింది. నేల మీద లేత పసుపు రవ్వ, ఐదారు గింజలు. మాస్టారు చూడకముందే కాలితో పక్కకి తోసేశాను. మిగతా సంచిని ఇంటికి తెచ్చుకున్నాను. రేపు ఇంకో అరవై చుట్లు తిప్పాలి, అటు ముప్ఫై, ఇటు ముప్ఫై.